మొరాయించే కారు, డిక్కీలో చిన్న పెట్టె

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కిందటి సంచికలో కారు బ్యాటరీల ఆయుష్షు గురించి రాసినప్పుడు, చివర్లో జంప్ స్టార్టరు (బ్యాటరీ దిగిపోయిన బండిని అప్పటికప్పుడు స్టార్టు చేసే చిన్న బ్యాటరీ పెట్టె) ప్రస్తావన ఒక్క వాక్యంలో తెచ్చి వదిలేశాను. ఆ ఒక్క వాక్యం మీదే ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలోనూ ధవళేశ్వరం దిగువన ఉన్న డెల్టా ప్రాంతం నుంచి, అంటే కోనసీమ, నరసాపురం, భీమవరం వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. ఇందులో ఆశ్చర్యం లేదు. ఏడాదిలో చాలా భాగం ఉక్కపోత, సముద్రపు గాలిలో ఉప్పు, పండగకో పెళ్లికో తప్ప గడప దాటని కార్లు ఉన్న చోట బ్యాటరీ ఎక్కువ కాలం బతకదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది రాజోలు దగ్గర. గత నెల నరసాపురం వెళ్లడానికి సఖినేటిపల్లి రేవులో కారును పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కించాను. రేవులో నిరీక్షణ, దాటడం కలిపి అరగంట పట్టింది. ఇంజిన్ ఆపి, ఏసీ ఫ్యాను, పాటలు మాత్రం నడవనిచ్చాము. అవతలి ఒడ్డున సెల్ఫ్ కొడితే టకటకమని ఊరుకుంది. పంటు మీద ఉన్నవారు నలుగురు కలిసి కారును ఒడ్డుకు తోశారు. మా అల్లుడు జంప్ స్టార్టరు కొనమంటున్నాడు. అంగట్లో 400 ఆంపియర్ల నుంచి 4000 ఆంపియర్ల దాకా కనిపిస్తున్నాయి. మాది 1200 సీసీ పెట్రోలు కారు, బ్యాటరీ నాలుగేళ్ల నాటిది. ఏది కొనాలి?

జవాబు: జంప్ స్టార్టరు కన్నా ముందు మీ బ్యాటరీ సంగతి చూడాలి. ఏసీ ఫ్యాను గట్టిగా తిరిగి 15 ఆంపియర్లు లాగిందనుకున్నా, అరగంటలో ఖర్చయ్యేది ఏడెనిమిది ఆంపియర్ అవర్లే. మీ తరహా కారులో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే, అంత ఖర్చయిన తరవాత కూడా ఇంజిన్‌ను తిప్పగలగాలి. కాబట్టి ఆ రోజు మిమ్మల్ని పంటు మీద నిలబెట్టింది పాటలు కావు, వయసు మళ్లిన బ్యాటరీ. ఒక మల్టీమీటరు తీసుకుని, రాత్రంతా కదలకుండా ఉన్న కారు బ్యాటరీని తెల్లవారాక కొలవండి. 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగానికి వచ్చినట్టు, 12 కన్నా దిగువన ఉంటే దాదాపు ఖాళీ అయినట్టు లెక్క. సెల్ఫ్ కొడుతున్న క్షణంలో మీటరు 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీ బలహీనపడిందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వరకు ఉంటే, మనవాళ్లు డైనమో అనే ఆల్టర్నేటరు బ్యాటరీని సరిగ్గా చార్జి చేస్తున్నట్టు. ఈ పరీక్ష బ్యాటరీ దుకాణంలో అయిదు నిమిషాల పని. బ్యాటరీ పోయిందని తేలితే ముందు దాన్ని మార్చండి, జంప్ స్టార్టరు తరవాత కొనండి. రోజూ పొద్దున్నే జంప్ స్టార్టరుతో కారును లేపుకోవడం, పథ్యం మాని మందు మాత్రం మింగడం లాంటిది.

ఇక పరికరం విషయానికి వస్తే, పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే ఆంపియర్ల అంకె 'పీక్' అంకె. అది రెప్పపాటు కాలం మాత్రమే ఇవ్వగలిగిన గరిష్ఠ ప్రవాహం. దాన్ని ఎలా కొలవాలన్న విషయంలో తయారీదారులందరూ పాటించే ఒకే పద్ధతి లేదు కాబట్టి, ఎవరికి తోచిన అంకె వారు వేసుకుంటారు. మీకు కావలసింది ఇంజిన్ తిరిగే మూడు నాలుగు సెకన్లపాటు నిలిచి ఉండే ప్రవాహం. దాన్ని పెట్టె మీదో, లోపలి కాగితంలోనో 'స్టార్టింగ్ కరెంట్' అనో, 'క్రాంకింగ్ కరెంట్' అనో చిన్న అక్షరాలతో వేస్తారు, అది సాధారణంగా పీక్ అంకెలో సగమో అంతకన్నా తక్కువో ఉంటుంది. ఆ రెండో అంకెను ఎక్కడా చెప్పని పరికరాన్ని నేనైతే కొనను. మీ వంటి చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు సుమారు 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది. డీజిల్ కారు 300, 400 దాకా అడుగుతుంది, ఎందుకంటే డీజిల్ ఇంజిన్‌లో గాలిని చాలా ఎక్కువగా కుదించవలసి వస్తుంది. కాబట్టి నికరంగా 300 ఆంపియర్లు ఇచ్చేది మీకు ధారాళంగా సరిపోతుంది. 4000 అంకె చూసి రెట్టింపు డబ్బు పోయనక్కర లేదు. చలిదేశాల సలహాలు చదివి భయపడనక్కర కూడా లేదు. అక్కడ బ్యాటరీల బలాన్ని సున్నాకు 18 డిగ్రీల దిగువన కొలుస్తారు. చలికి నూనె చిక్కబడి ఇంజిన్ బిగుసుకుపోవడం వారి బాధ. వేడికి బ్యాటరీ లోపలి పలకలు తినుకుపోయి, నీరు ఆవిరైపోవడం మన బాధ.

రెండో అంకె 'ఎంఏహెచ్', అంటే మిల్లీ ఆంపియర్ అవర్లు. ఇందులోనూ కిటుకు ఉంది. 12,000 ఎంఏహెచ్ అని వేసినప్పుడు అది సాధారణంగా లోపలి ఒక్కొక్క సెల్లు వోల్టేజి అయిన 3.7 మీద వేసిన లెక్క, దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే 44 వాట్ అవర్లే అసలు నిల్వ. మీ కారు బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడు ఉండే 400 పైచిలుకు వాట్ అవర్ల ముందు ఇది పదోవంతు. అందుకే ఈ పెట్టె మీ బ్యాటరీని నింపదు, ఇంజిన్‌ను ఒక్క తోపు తోసి వదిలేస్తుంది, అంతే. ఆ తోపుకు కావలసింది లోపల ఎంత దాచారన్నది కాదు, ఎంత వేగంగా బయటికి వదలగలదన్నది. ఎంఏహెచ్ ఎక్కువైతే ఫోను ఎక్కువసార్లు చార్జి చేసుకోవచ్చునన్నంత వరకే దాని ఉపయోగం.

మోసాన్ని పట్టుకోవడానికి ఒక మోటు ఉపాయం చెబుతాను: తూకం వేయండి. ఇటువంటి పని చేసే లిథియం సెల్లులు కిలోకు 150 వాట్ అవర్లకు అటూ ఇటూగా దాస్తాయి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు. దానికి సెల్లులే దాదాపు అర కిలో తూగాలి. పై తొడుగు, వైర్లు, ఇనుప పళ్ల క్లిప్పులు వేరే. మొత్తం కలిపి 350 గ్రాములు తూగే పెట్టె మీద 20,000 అని వేసి ఉంటే, అది అబద్ధమని తక్కెడే చెబుతుంది. చందువా చేపను చేత్తో పట్టి బరువు చెప్పగలిగే ఊళ్లలో ఉన్నవారికి ఇది కష్టమైన పరీక్ష కాదు.

వీటి తరవాత చూడవలసినవి క్లిప్పులు, వైరు. వైరు పొట్టిగా, లావుగా ఉండాలి. సన్నని వైరు సగం శక్తిని వేడిగా మార్చి దారిలోనే మింగేస్తుంది. ప్లస్, మైనస్ తారుమారు చేసినా, క్లిప్పులు ఒకదానికొకటి తగిలినా ప్రవాహాన్ని ఆపే రక్షణ ఏర్పాటు వైరు మీది చిన్న పెట్టెలో ఉండాలి. మన దేశంలో అమ్మే లిథియం సెల్లులకు ఐఎస్ 16046 ప్రమాణం కింద భారతీయ ప్రమాణాల సంస్థలో నమోదు తప్పనిసరి. ఆ సంస్థ గుర్తు, దాని కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. టైర్లలో గాలి కొట్టే పంపు కూడా కలిసి ఉన్న పెట్టెలు వస్తున్నాయి. రెండు పనులకు ఒకటే కదా అని మురిసిపోవడం సహజమే గాని, గాలి కొట్టడానికి దాన్ని వాడి వాడి, అవసరం పడిన రోజున ఖాళీ పెట్టెతో రోడ్డు మీద నిలబడిన వారిని చూశాను. విడివిడిగా కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఆకివీడు దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. కరెంటు పోతే, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పడానికి డీజిల్ జనరేటరు పెట్టుకున్నాము. మొన్న తెల్లవారుజామున మూడున్నరకు కరెంటు పోయి, జనరేటరు బ్యాటరీ డౌన్ అయి, మెకానిక్ వచ్చేసరికి గంటన్నర పట్టింది. కొంత పంట నష్టపోయాము. కారు జంప్ స్టార్టరు జనరేటరుకు పనికివస్తుందా? ట్రాక్టరుకు?

జవాబు: పనికివస్తుంది. నిజం చెప్పాలంటే కార్ల యజమానుల కన్నా మీ వంటివారికే దీని అవసరం ఎక్కువ. చెరువులోని ఆక్సిజన్‌ను పగలు నాచు తయారు చేస్తుంది, రాత్రి ఆ నాచే రొయ్యలతో పాటు పీల్చుకుంటుంది. అందువల్ల తెల్లవారేముందు గంటల్లో ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. మీ కరెంటు సరిగ్గా ఆ వేళకే పోయింది. కారు కదలకపోతే పెళ్లికి ఆలస్యమవుతుంది, చెరువులో ఏరియేటరు కదలకపోతే నాలుగు నెలల కష్టం పోతుంది.

కొనేముందు ఒక సంగతి నిర్ధారించుకోండి. మీ జనరేటరు 12 వోల్టులదా, 24 వోల్టులదా? ఒకే బ్యాటరీ ఉంటే 12. రెండు బ్యాటరీలుండి, ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలిపి ఉంటే 24. రెండు ప్లస్‌లు ఒక వైపు, రెండు మైనస్‌లు ఒక వైపు కలిపి ఉంటే, రెండున్నా అది 12 కిందే లెక్క. పెద్ద జనరేటర్లు, లారీలు ఎక్కువగా 24 వోల్టులవి. వాటికి 12 వోల్టుల కారు జంప్ స్టార్టరు తగిలిస్తే పరికరం కాలిపోతుంది, మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. 24 వోల్టులకు ప్రత్యేకంగా చేసినవి బరువుగా, ఖరీదుగా ఉన్నా అవే కొనాలి. ట్రాక్టర్లు సాధారణంగా 12 వోల్టులవే. ట్రాక్టరుకైనా, నాలుగు సిలిండర్ల డీజిల్ జనరేటరుకైనా నికరంగా 500 ఆంపియర్లకు తగ్గకుండా ఇచ్చే పరికరం తీసుకోండి.

ఇంత చెప్పినా, మీ విషయంలో జంప్ స్టార్టరు రెండో కాపలాదారు మాత్రమే. మొదటి కాపలా జనరేటరు బ్యాటరీకి కరెంటు ఉన్నంతసేపూ నెమ్మదిగా చార్జి అందించే చిన్న చార్జరు. నెలల తరబడి జనరేటరు కదలకపోతే బ్యాటరీ తనంతట తానే ఖాళీ అవుతుంది. ఈ చార్జరు ఉంటే ఆ బెడద ఉండదు. దానికి తోడు వారానికొక రోజు పెట్టుకుని, కరెంటు ఉన్నా సరే, జనరేటరును పది నిమిషాలు నడిపించండి. ఆ రోజే జంప్ స్టార్టరు మీద చార్జి చూపే దీపాలు కూడా చూసుకుంటే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. పరికరాన్ని గట్టు మీది రేకుల షెడ్డులో మాత్రం వదలవద్దు. మేనెలలో ఆ రేకుల కింద ఉండే వేడికి అది ఒక్క వేసవి కూడా తట్టుకోదు. కాపలా మనిషి పడుకునే గదిలో, అతనికి వాడడం నేర్పి, అతని చేతికందేచోట ఉంచండి.

ప్రశ్న: నేను రావులపాలెంలో ఉంటూ రోజూ ముప్పై కిలోమీటర్లు కారు నడుపుకుంటూ బడికి వెళ్లే ఉపాధ్యాయురాలిని. జంప్ స్టార్టరు కొన్నాను గాని, తగిలించాలంటే భయం వేస్తోంది. నిప్పురవ్వలు వస్తాయా? దాని మీద 'బూస్ట్' అని ఒక బొత్తం ఉంది. అది ఎప్పుడు నొక్కాలి?

జవాబు: మీ భయం అనవసరమైనది కాదు, అయితే క్రమం తప్పకుండా చేస్తే ప్రమాదం లేదు. కార్లలో ఉండే సీసం బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, గాలిలో అది 4 శాతానికి చేరితే చాలు, చిన్న రవ్వకు పేలుతుంది. బ్యాటరీ మీద రవ్వ పడకుండా చూసుకోవడమే ఈ క్రమమంతటికీ మూలం.

ముందు తాళంచెవి తిప్పి అన్నీ ఆపేయండి. లైట్లు, ఏసీ, ఫోను చార్జరు కూడా. కారును న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు వేయండి. బోనెట్ ఎత్తి, ఎర్ర క్లిప్పును బ్యాటరీ ప్లస్‌కు పట్టించండి. ప్లస్‌కు సాధారణంగా ఎర్ర మూత, పక్కనే కూడిక గుర్తు ఉంటాయి. నల్ల క్లిప్పును బ్యాటరీ మైనస్‌కు కాకుండా, బ్యాటరీకి కాస్త దూరంగా ఇంజిన్ మీద రంగు వేయని ఇనుప భాగానికి పట్టించడం ఉత్తమం. కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద బ్యాటరీ స్థితిని కొలిచే చిన్న సెన్సరు ఉంటుంది కాబట్టి కూడా ఇదే మంచి పద్ధతి. ఆ తరవాతే వైరు ప్లగ్గును పెట్టెలోకి దూర్చండి. పచ్చ దీపం వెలిగితే కారెక్కి సెల్ఫ్ కొట్టండి, అయిదు సెకన్లకు మించి కొట్టవద్దు. అందుకోకపోతే అరనిమిషమైనా ఆగి మళ్లీ ప్రయత్నించండి. మూడు నాలుగు సార్లకు కూడా అందుకోకపోతే లోపం బ్యాటరీలో కాదు, ఇంధనంలోనో, సెల్ఫ్ మోటారులోనో, మరొకచోటో ఉంది. అప్పుడు మెకానిక్‌ను పిలవడమే మార్గం. స్టార్టు అయ్యాక ఇంజిన్‌ను నడవనిస్తూనే, అరనిమిషంలోపు ముందు ప్లగ్గు, తరవాత నల్ల క్లిప్పు, చివరికి ఎర్ర క్లిప్పు తీసేయండి. మీ పరికరంతో వచ్చిన పుస్తకంలో క్రమం కాస్త వేరుగా ఉంటే ఆ పుస్తకాన్నే పాటించండి.

బూస్ట్ బొత్తం గురించి మీరు అడగడం మంచిదైంది. బ్యాటరీ మరీ అడుగంటిపోయినప్పుడు, పెట్టెకు అవతల బ్యాటరీ ఉందో లేదో తెలియక, పచ్చ దీపం వెలగదు, ప్రవాహం వదలదు. అటువంటప్పుడు 'నేను చూసుకుంటాను, నువ్వు వదులు' అని చెప్పడానికి ఆ బొత్తం పెట్టారు. దాన్ని నొక్కిన క్షణం నుంచి, చాలా పరికరాల్లో, ప్లస్ మైనస్ తారుమారును పట్టుకునే రక్షణ పనిచేయదు. చీకట్లో, వానలో, తొందరలో ఎర్రా నల్లా తారుమారు చేసి ఈ బొత్తం నొక్కితే కారులోని కంప్యూటరే పోవచ్చు. కాబట్టి నొక్కేముందు ఫోను లైటు వేసి రెండు క్లిప్పులనూ మరొకసారి చూడండి. ముందుగా ఒక ఆదివారం, కారు బాగున్నప్పుడే, ఇంటి ముందర క్లిప్పులు తగిలించి తీయడం రెండుసార్లు సాధన చేయండి. భయం సగం పోతుంది.

ప్రశ్న: పాలకొల్లు నుంచి రాస్తున్నాను. రెండేళ్ల కిందట సంక్రాంతికి మంచి జంప్ స్టార్టరే కొని కారు డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. ఈ కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లి, లైట్లు ఆపడం మరిచి, తిరిగి వచ్చేసరికి కారు కదలలేదు. పెట్టె తీస్తే దానిలోనూ చార్జి లేదు. ఇంటికి తెచ్చి చార్జి పెడితే నిండినట్టే చూపుతోంది గాని ఇంజిన్ తిప్పలేకపోతోంది. వారంటీ తీరిపోయింది. ఇది పరికరం లోపమా?

జవాబు: పరికరం లోపం కన్నా దాన్ని దాచిన చోటి లోపమే ఎక్కువని అనుకుంటున్నాను. రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. డ్యాష్‌బోర్డు అర అందులోనూ వేడి ప్రదేశం. లిథియం సెల్లుకు రెండు శత్రువులు: వేడి, నిండు చార్జి. రెండూ కలిసి నెలల తరబడి ఉంటే లోపలి నిరోధం పెరిగిపోతుంది. అప్పుడు దీపాలు నాలుగూ వెలుగుతాయి, ఫోను కూడా చార్జి అవుతుంది, కాని ఒక్కసారిగా 200 ఆంపియర్లు అడిగితే ఇవ్వలేక కుప్పకూలుతుంది. మీ పెట్టెకు జరిగింది అదే. ఇక దాన్ని జంప్ స్టార్టరుగా నమ్మవద్దు. ఉబ్బు లేకపోతే ఫోను చార్జి చేసుకోవడానికి వాడుకోండి.

కొత్తది కొన్నాక పాటించవలసిన పద్ధతి ఇది. ఇంట్లో ఉన్నప్పుడు దాని చోటు కారు కాదు, ఇల్లు. అది కూడా వంటింటి పక్కన కాకుండా, నేల అంతస్తులో నీడపట్టున. దూరప్రయాణానికి బయలుదేరేటప్పుడు మంచినీళ్ల సీసాతో పాటు తీసుకుని డిక్కీలో, కింది భాగాన పెట్టుకోండి. డిక్కీ కూడా వేడెక్కుతుంది గాని, అద్దాల వెనక ఉండే వేడి అక్కడ ఉండదు. మూడు నెలలకొకసారి చార్జి చూడాలి. గుర్తుండడానికి మనకు పండగలున్నాయి: సంక్రాంతి, ఉగాది, ఆషాఢం చివర, దసరా. పరికరం మీద నాలుగు దీపాలుంటే మూడు వెలిగే స్థితిలో ఉంచడం దాని ఆయుష్షుకు మంచిది. మూడు దీపాలతో కూడా ఇంజిన్‌ను తిప్పగలదు. ప్రయాణానికి ముందురోజు మాత్రం నిండా చార్జి చేసుకోండి. వాడిన వెంటనే వేడిగా ఉన్నప్పుడు చార్జి పెట్టకూడదు, అరగంట చల్లారనివ్వాలి. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం సెల్లును చార్జి చేయడమే తప్పు. కాబట్టి మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులోని సాకెట్టుకు తగిలించి వదిలేయడం మానుకోవాలి. ఏడాదికొకసారి, కారు బాగున్నప్పుడే, దానితో ఒకసారి స్టార్టు చేసి చూసుకుంటే దీపాలు చెప్పే మాట నిజమో కాదో తెలుస్తుంది.

అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీర గ్రామాల వారు క్లిప్పుల పళ్లను కూడా చూసుకోవాలి. ఉప్పుగాలికి వాటి మీద పచ్చని చిలుము పడుతుంది. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పేరుకునే పొడి కూడా ప్రవాహానికి అడ్డుగోడే. మంచి జంప్ స్టార్టరు పెట్టినా టకటక శబ్దమే వస్తోందంటే, చాలాసార్లు తప్పు ఈ పొడిదే. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోసి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, పొడిగా తుడిచి, కాస్త పెట్రోలియం జెల్లీ పూయండి. మూతలున్న బ్యాటరీ అయితే సోడానీళ్లు లోపలికి పోకుండా చూడండి. అందులో పోయవలసింది డిస్టిల్డ్ వాటరు మాత్రమే. ఫిల్టరు నీళ్లు, ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు పనికిరావు.

ఇదంతా విని, ఇన్ని జాగ్రత్తలు నా వల్ల కాదు, కారులోనే పడేసి మరిచిపోతాను అనేవారికి మరొక రకం ఉంది. దానిలో లిథియం సెల్లు ఉండదు, సూపర్ కెపాసిటర్లు ఉంటాయి. మీ బ్యాటరీలో మిగిలిన కొసరు శక్తినే కొన్ని నిమిషాలపాటు పీల్చి, పోగుచేసి, ఒక్క ఊపున తిరిగి ఇస్తుంది. వేడిని బాగా తట్టుకుంటుంది, మూడు నెలల చార్జి బెడద లేదు, ఆయుష్షు ఎక్కువ. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే మాత్రం పీల్చుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు యూఎస్‌బీ ద్వారానో, మరో కారు నుంచో నింపాలి. ఫోను చార్జి చేయదు, ధర కూడా ఎక్కువ. ఎండలోనే కారు నిలిపే వారికి, మరిచిపోయే అలవాటు ఉన్నవారికి నేను దీన్నే చెబుతాను.

ప్రశ్న: హైదరాబాదులో ఉండే మా అబ్బాయి కారు అమలాపురంలో మా ఇంటి దగ్గర నెలల తరబడి కదలకుండా ఉంటుంది. ప్రతి పండగకూ జంప్ స్టార్టరుతోనే లేపుతున్నాము. దానివల్ల నష్టమా?

జవాబు: పరికరానికి నష్టం లేదు గాని, బ్యాటరీకి ఉంది. తాళం వేసిన కారు కూడా అలారం, గడియారం వంటివాటి కోసం 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది. 50 అనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. చిన్న కారు బ్యాటరీ మొత్తం అంతే. ఖాళీ అయిన బ్యాటరీ అలాగే ఉండిపోతే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తరవాత ఎంత చార్జి చేసినా కరగదు. పైగా ఇంజిన్ స్టార్టు అయ్యాక ఊళ్లో రెండు చుట్లు తిప్పినంత మాత్రాన అడుగంటిన బ్యాటరీ నిండదు. దానికి ఇంట్లో చార్జరుతో ఒక రాత్రంతా చార్జి పెట్టాలి. అబ్బాయి తిరిగి వెళ్లిన రోజునే మైనస్ టెర్మినల్ విప్పి పక్కన పెట్టండి. పది నంబరు స్పానరు చాలు.

ప్రశ్న: మాది లంక గ్రామం. వరద నీరు కారు సీట్ల దాకా వచ్చి తీసింది. బ్యాటరీ డౌన్ అయింది. జంప్ స్టార్టరు పెట్టవచ్చునా?

జవాబు: పెట్టవద్దు. 2022 జూలై వరద తరవాత ఇలా చేసి ఇంజిన్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. నీరు గాలి గొట్టం గుండా సిలిండరులోకి చేరి ఉంటే, గాలిలా అది కుదించుకోదు. సెల్ఫ్ తిప్పగానే లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. సాధారణ బీమా పాలసీ ఇటువంటి ఇంజిన్ నష్టానికి డబ్బు ఇవ్వదు. 'ఇంజిన్ ప్రొటెక్ట్' అనే అదనపు కవరు ఉంటేనే ఇస్తుంది. మైనస్ వైరు విప్పి, ఫొటోలు తీసి, బీమావారికి చెప్పి, బండిని ఎత్తించి గ్యారేజీకి పంపండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి వచ్చేటప్పుడు జంప్ స్టార్టరు తెస్తానంటోంది. విమానంలో రానిస్తారా?

జవాబు: 100 వాట్ అవర్ల లోపు లిథియం బ్యాటరీని చేతి సంచిలో తేవచ్చునన్నది సాధారణ నియమం, చెక్-ఇన్ సామానులో వేయకూడదు. ఇంజిన్ స్టార్టు చేసే పరికరం అనగానే కొన్ని సంస్థలు అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది కాబట్టి, టికెట్టు కొన్న సంస్థను ముందే అడగమనండి. అంత కష్టపడి తెచ్చినా ఇక్కడ వారంటీ పనిచేయకపోవచ్చు. రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో కొనుక్కోవడం నయం.

ప్రశ్న: నా దగ్గరున్న జంప్ స్టార్టరు పొట్ట ఉబ్బింది. పనిచేస్తూనే ఉంది. వాడవచ్చునా? లేకపోతే ఏం చేయాలి? – భీమవరం పాఠకుడు

జవాబు: ఈ రోజు నుంచే ఆపండి. ఆ ఉబ్బు లోపల పుట్టిన వాయువుది. చార్జి పెట్టవద్దు, నొక్కి అణచవద్దు, సూదితో పొడవవద్దు. ఇంట్లో పరుపులు, బట్టలు ఉన్నచోట కాకుండా, ఆరుబయట నీడలో, ఇసుక పోసిన ఇనుప బకెట్టులో ఉంచండి. చెత్తబండిలో వేస్తే అది నలిగి మంట పుట్టవచ్చు. పంట కాలువలోకి విసరడం అంతకన్నా తప్పు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులది, వాటిని మామూలు చెత్తలో కలపకుండా విడిగా అప్పగించే బాధ్యత మనది. పాత కారు బ్యాటరీని కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చి కొంత సొమ్ము తగ్గించుకోవడం మీకు అలవాటే. ఉబ్బిన ఈ పెట్టెకు ఎవరూ రూపాయి ఇవ్వరు, అయినా తయారీదారు వినియోగదారుల నంబరుకు ఫోను చేసి ఎక్కడ అప్పగించాలో అడిగి, అక్కడే ఇచ్చి రండి.